వర్డ్ డ్రాప్‌డౌన్‌లోకి ఎక్సెల్ జాబితా: చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వాడి చూశాక

వర్డ్ టెంప్లేట్‌లో (కొత్త కాయితాలకు మూసగా వాడే ఫైలు) డ్రాప్‌డౌన్, అంటే బాణం గుర్తు నొక్కితే దిగే పేర్ల జాబితా, పెట్టడం ఎవరైనా చేస్తారు. ఆ డ్రాప్‌డౌన్‌లోని పేర్లు బయట ఉన్న ఎక్సెల్ షీటు నుంచి తమంతట తామే వచ్చి కూర్చునేలా చేయడం మాత్రం వేరే పని. పోయిన మామిడి సీజన్ అంతా మా ఆఫీసు దీని మీదే నడిచింది. ఇలాంటి పని చేసే చిన్న ఆఫీసులు మన దగ్గర చాలా ఉన్నాయి, దీని గురించి తెలుగులో వివరంగా రాసినవాళ్లు నాకు కనబడలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మాది చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పోయే దారిలో ఉన్న ఫ్యాక్టరీ. డిస్పాచ్ కాయితాలు నా బాధ్యత. జూన్, జులై నెలల్లో తోతాపురి దిగిందంటే గేటు బయట ట్రాక్టర్లు వరుస కడతాయి. ఒకవైపు కాయ లోపలికి వస్తుంటే ఇంకోవైపు సరుకు బయటికి పోతుంటుంది. అసెప్టిక్ (క్రిములు చేరకుండా నింపి మూసిన) డ్రమ్ము అయితే 215 కిలోలు, డబ్బా అయితే 3.1 కిలోలు. ఎక్కువ భాగం చెన్నై పోర్టుకే. ప్రతి లోడుతోనూ టెస్ట్ సర్టిఫికెట్, ప్యాకింగ్ లిస్టు, డిస్పాచ్ నోటు పోవాలి. ఇవి ఇంగ్లీషులో. రైతులకిచ్చే కాయ రసీదు, ఒప్పంద పత్రం తెలుగులో. అన్నీ వర్డ్‌లోనే తయారవుతాయి.

ఇంతకుముందు పద్ధతి ఏమిటంటే, నిన్నటి సర్టిఫికెట్ తెరవడం, ‘సేవ్ యాజ్’ కొట్టడం, మారాల్సినవి మార్చడం. ఏ ఆఫీసుకు పోయినా ఇదే అలవాటు, అందుకే ఎవరికీ ఇందులో తప్పు కనబడదు. తేదీ మారుతుంది, లాట్ నంబరు (ఏ విడతలో తయారైన సరుకో చెప్పేది) మారుతుంది, కింద ఎక్కడో మూడో పేజీలో రకం పేరు మాత్రం పాతదే ఉండిపోతుంది. తోతాపురి గుజ్జుకు బ్రిక్స్ (చక్కెర ఎంతుందో చెప్పే అంకె) కనీసం 14 ఉండాలి, ఆల్ఫాన్సోకు 16, నీరు తగ్గించి చిక్కబరిచిన తోతాపురి కాన్సన్‌ట్రేట్‌కు 28. ఒకదాని కాయితం మీద ఇంకోదాని అంకె పడితే అవతల కొనేవాళ్లు ఊరుకోరు. ఎల్‌సీ (కొనేవారి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద పోయే సరుకైతే బ్యాంకువాళ్లు ఒక కాయితంతో ఇంకో కాయితాన్ని పోల్చి చూస్తారు, కంపెనీ పేరులో అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోవచ్చు. కంటైనర్ ఓడ ఎక్కేశాక ఆ తేడా బయటపడితే ఆఫీసంతా టెన్షన్. కాబట్టి పేరు టైపు చేసే పనే లేకుండా, ఉన్న జాబితాలోంచి ఎంచుకునేలా ఉండాలని నాకు ఎప్పటినుంచో పట్టుదల.

వర్డ్ ఇచ్చేది ఎంతవరకో ముందు చూద్దాం. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్లి డెవలపర్ ట్యాబ్‌కు టిక్ పెడితే కంటెంట్ కంట్రోల్స్ (కాయితంలో నింపుకునే గళ్లు) కనిపిస్తాయి. 2007 వెర్షన్ నుంచీ ఉన్నాయివి. అంతకుముందు నాటి పాత ఫారం డ్రాప్‌డౌన్ ఇప్పటికీ లెగసీ టూల్స్ కింద ఉంది కానీ దాంట్లో 25 పేర్ల కంటే ఎక్కువ పట్టవు, ఆ దారి వద్దు. కొత్తవాటిలో రెండు రకాలు. కాంబో బాక్స్‌లో జాబితాలోంచి ఎంచుకోవచ్చు, మనకు తోచింది టైపు కూడా చేయొచ్చు. డ్రాప్‌డౌన్ లిస్టులో ఎంచుకోవడం ఒక్కటే. మన అవసరానికి రెండోదే సరైనది. టైపు చేసే వీలుందంటే చేత్తో కొట్టేవాళ్లు ఉండనే ఉంటారు.

కంట్రోల్ ప్రాపర్టీస్ తెరిస్తే ‘యాడ్’ అనే బటన్ ఉంటుంది. ఒక్కో పేరూ కొట్టాలి, ఓకే అనాలి, మళ్లీ యాడ్. ఎక్సెల్‌లో ఒక కాలమ్ కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేసే వీలు లేదు. ఎక్సెల్ రేంజ్ చూపించి ‘పేర్లు ఇక్కడినుంచి తీసుకో’ అనే బటన్ అసలే లేదు. ఎక్సెల్‌లో డేటా వాలిడేషన్‌కు ఈ సదుపాయం ఎన్నేళ్లుగానో ఉంది. మెయిల్ మెర్జ్ ఉంది కదా అంటారు కొందరు. అది ఎక్సెల్‌లోని ఒక్కో వరసకు ఒక్కో ఉత్తరం తయారు చేస్తుంది. మనకు కావలసింది ఒకే కాయితంలో కూర్చుని కొనేవారిని ఒకచోట, రకాన్ని ఒకచోట, లాట్‌ను ఇంకోచోట ఎంచుకోవడం. దానికీ దీనికీ పొంతన లేదు.

అందుకని మాక్రో, అంటే వర్డ్ తనంతట తానే పని చేసేలా రాసిపెట్టే చిన్న ప్రోగ్రాం, రాయక తప్పదు. నేను కంప్యూటర్ చదువు చదివినదాన్ని కాదు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే మా పిన్ని కొడుకు ఒక ఆదివారం వచ్చి కూర్చున్నాడు. “అక్కా, ముప్పై లైన్లు కూడా ఉండవు, నువ్వే రాయి, నేను పక్కనుంటా” అన్నాడు. అలాగే జరిగింది. అర్థం చేసుకోవాల్సింది నాలుగు ముక్కలే. టెంప్లేట్‌ను ‘మాక్రో ఎనేబుల్డ్ టెంప్లేట్’ రకంగా సేవ్ చేయాలి. కొత్త కాయితం పుట్టగానే నడిచే ‘డాక్యుమెంట్ న్యూ’ అనే చోట మాక్రో రాయాలి. ఆ మాక్రో ఏడీఓ (బయటి ఫైళ్లలోని డేటా చదివి తెచ్చే మైక్రోసాఫ్ట్ సాధనం) అనే పద్ధతిలో ఎక్సెల్ ఫైలును తెరపైకి తేకుండానే చదువుతుంది. చదివాక డ్రాప్‌డౌన్‌లో ఉన్న పాత పేర్లను ‘క్లియర్’ చేసి, కొత్తవాటిని ఒక్కొక్కటే ‘యాడ్’ చేస్తుంది. మనం చేత్తో కొట్టాల్సిన ఆ యాడ్ బటన్ పనే ఇప్పుడు మాక్రో చేస్తుందన్నమాట.

ఒక జాగ్రత్త. మాక్రోలో ‘దిస్ డాక్యుమెంట్’ అని రాస్తే అది టెంప్లేట్‌ను సూచిస్తుంది. పేర్లన్నీ పోయి టెంప్లేట్‌లో చేరతాయి, కళ్లెదురుగా ఉన్న కొత్త కాయితంలో డ్రాప్‌డౌన్ ఖాళీగా ఉంటుంది. ‘యాక్టివ్ డాక్యుమెంట్’ అని రాయాలి. ఇంకొకటి, టెంప్లేట్‌ను డబుల్ క్లిక్ చేస్తే కొత్త కాయితం పుడుతుంది. రైట్ క్లిక్ చేసి ఓపెన్ అంటే టెంప్లేటే తెరుచుకుంటుంది, మాక్రో కదలదు. కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పాల్సింది ఇదే.

ఇక తెలుగులో పనిచేసేవాళ్లకు ఈ పద్ధతి ఎందుకు తప్పనిసరో చెప్పాలి. ఇంగ్లీషు ఆఫీసులకు ఇది సౌకర్యం. మనకు మాత్రం దాదాపు వేరే దారి లేదు. మాక్రోలు రాసే ఆ కిటికీ ఉంది చూశారూ, దానికి తెలుగు రాదు. ‘తవణంపల్లె’ అని అక్కడ పేస్ట్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి పద్ధతి అయిన యూనికోడ్‌ను ఆ ఎడిటర్ పట్టించుకోదు. మెసేజ్ బాక్సులో తెలుగు చూపించాలన్నా అదే గతి. అంటే ఊర్ల పేర్లు, రైతుల పేర్లు మాక్రోలోనే రాసేసి డ్రాప్‌డౌన్ నింపుదామంటే తేలిగ్గా కుదరదు. అదే పేర్లు ఎక్సెల్ షీటులో ఉంటే, ఏడీఓ వాటిని తెచ్చి నేరుగా వర్డ్ చేతికిస్తుంది, మధ్యలో ఒక్క అక్షరం కూడా చెడదు. మాక్రోలో ఉండేవి షీటు పేరు, కాలమ్ శీర్షికలు, కంట్రోల్ ట్యాగులు (గళ్లకు పెట్టిన గుర్తు పేర్లు) మాత్రమే. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుంటే సరిపోతుంది. మొదటిసారి రసీదు టెంప్లేట్ తెరిచి బాణం గుర్తు నొక్కగానే అరగొండ, కాణిపాకం, మొగిలి అని చక్కగా వరసగా దిగాయి. మా వేబ్రిడ్జి సార్‌ను కేకేసి మరీ చూపించాను.

అయితే ఆ తెలుగు యూనికోడ్ అయి ఉండాలి. మా దగ్గర రైతుల పాత జాబితా ‘అను’ అనే డీటీపీ ఫాంట్లలో టైపు చేసి ఉంది. కాయితం మీద ప్రింటు బాగానే వస్తుంది, కానీ ఆ ఫాంటు తీసేస్తే మిగిలేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. డ్రాప్‌డౌన్ కిందికి దిగే ఆ చిన్న పెట్టెకు మనం ఫాంటు పెట్టలేం, కాబట్టి అక్కడ గజిబిజి గీతలే కనిపిస్తాయి. జాబితా అంతటినీ యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. ఈ పనిలో మొత్తం శ్రమ మాక్రో రాయడంలో లేదు, ఇక్కడే ఉంది. డీటీపీ సెంటర్లలో మార్చే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి, కానీ ఒత్తులు, పొల్లులు కంటితో సరిచూడాలి. మనిషి పేరు కదా, తప్పు రాసిన రసీదు రైతు చేతిలో పెట్టడం నాకు మనసొప్పదు.

షీటు ఎలా ఉండాలన్నది మాక్రో కంటే ముఖ్యం. ఒకే పేరు రెండుసార్లు వస్తే డ్రాప్‌డౌన్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మధ్యలో ఖాళీ వరస ఉన్నా అంతే. షీటును చదివే ఆ ఒక్క లైనులోనే ‘సెలెక్ట్ డిస్టింక్ట్’ (ఒక్కో పేరూ ఒక్కసారే) అనీ, ఖాళీలు వద్దనీ, వరసలో పెట్టమనీ అడిగితే ఈ బాధ ఉండదు. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఒకే పేరున్న పల్లెలు వేరువేరు మండలాల్లో ఉంటాయి, ‘డిస్టింక్ట్’ అంటే రెండూ కలిసిపోతాయి. అందుకని పల్లె పేరు పక్కనే మండలం కూడా కలిపి ఒక కాలమ్ చేసుకున్నాం: ‘కాణిపాకం, ఐరాల’ అన్నట్టు.

లాట్ నంబర్లతో జరిగేది అంత తేలిగ్గా అర్థం కాదు. షీటు చదివే డ్రైవరు (ఏడీఓకు ఎక్సెల్ ఫైలు తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్) మొదటి ఎనిమిది వరసలు చూసి ఈ కాలమ్‌లో ఉన్నవి అంకెలా, అక్షరాలా అని తేల్చుకుంటుంది. పైనున్న లాట్లన్నీ ఉత్త అంకెలే అయితే, కింద అక్షరం కలిసిన లాట్ నంబరు దానికి ఖాళీగా కనిపిస్తుంది. షీటులో స్పష్టంగా ఉన్న లాట్ డ్రాప్‌డౌన్‌లో కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. మాక్రోలో ఎక్సెల్ ఫైలు దారి చెప్పే కనెక్షన్ లైనులో ‘ఐమెక్స్ = 1’ (IMEX=1, అంకెలూ అక్షరాలూ కలిసుంటే అన్నిటినీ అక్షరాలుగానే చదవమని) అని చేర్చాం, లాట్ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి, అన్ని నంబర్ల ముందూ రకం గుర్తుగా ఒక అక్షరం పెట్టాం. ఆ తర్వాత ఒక్క లాట్ కూడా తప్పిపోలేదు.

నాకు బాగా పనికొచ్చిన సంగతి ఇంకోటి. డ్రాప్‌డౌన్‌లో ప్రతి పేరుకూ వెనక ఒక ‘వ్యాల్యూ’ ఉంటుంది, అది కాయితం మీద కనిపించదు. ఆ చోట మేం రకానికి సంబంధించిన బ్రిక్స్, ప్యాకింగ్, నికర బరువు అన్నీ మధ్యలో ఒక గీత పెట్టి కలిపి దాచాం. రకం ఎంచుకోగానే మాక్రో ఆ వ్యాల్యూను విడదీసి ఆయా గళ్లలో వేస్తుంది. ఆల్ఫాన్సో అంటే 16 దానంతటదే పడుతుంది. ఆ గళ్లకు తాళం వేశాం, చేత్తో మార్చే వీలు లేదు. లోపలి పని చేసేవాళ్ల కోసం ఒక మాట: ఎంచుకున్న పేరు వెనకున్న వ్యాల్యూను వర్డ్ నేరుగా ఇవ్వదు. జాబితా మొత్తం తిరిగి, కనిపిస్తున్న పేరుతో సరిపోలే వరసను పట్టుకుని, దాని వ్యాల్యూ తీసుకోవాలి.

ఇదే పద్ధతిలో మండలం ఎంచుకుంటే ఆ మండలం పల్లెలే రెండో డ్రాప్‌డౌన్‌లోకి వచ్చేలా కూడా చేశాం. ఇక్కడ వర్డ్ తీరు కొంచెం ఇబ్బంది పెడుతుంది. పేరు ఎంచుకున్న క్షణంలో ఏమీ జరగదు. ఆ గడిలోంచి బయటికి వచ్చినప్పుడే మాక్రో నడుస్తుంది. మండలం ఎంచుకుని ట్యాబ్ కొట్టాలి. సీజన్‌లో సాయం కోసం వచ్చిన కుర్రాడు బంగారుపాళ్యం ఎంచుకుని, స్క్రీన్ వైపే చూస్తూ, “మేడమ్, ఊర్లు రాలేదు” అని అడిగాడు. ట్యాబ్ కొట్టమన్నాను, వచ్చాయి. రెండో రోజుకు అలవాటైపోయింది. అయినా టెంప్లేట్ పైభాగంలో ప్రింటులో రాని చిన్న అక్షరాలతో ‘ఎంచుకున్నాక ట్యాబ్ నొక్కండి’ అని రాసిపెట్టాను.

సెక్యూరిటీ సంగతి ముందే చూసుకోండి. ఇంటర్నెట్ నుంచి, మెయిల్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ తనంతట తానే అడ్డుకుంటోంది. పైన ఎర్ర పట్టీ వస్తుంది. అది మంచిదే, తీసేయమని నేను చెప్పను. మన టెంప్లేట్ మనదే కాబట్టి దాన్ని పెట్టిన ఫోల్డర్‌ను ‘ట్రస్టెడ్ లొకేషన్’గా (సాఫ్ట్‌వేర్ నమ్మే చోటుగా) చేర్చుకోవాలి. ఫోల్డర్ నెట్‌వర్క్‌లో ఉంటే అక్కడ కింద ఇంకో టిక్ పెట్టాలి. మాక్రో సెట్టింగ్స్‌లోకి పోయి అన్నిటికీ అనుమతి ఇచ్చేయడం మాత్రం వద్దు. రోజూ ఎక్కడెక్కడి నుంచో అటాచ్‌మెంట్లు వచ్చే డిస్పాచ్ ఆఫీసులో అది చాలా ప్రమాదం.

ఇంకో అడ్డంకి, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 32 బిట్టా 64 బిట్టా అన్నది. ఎక్సెల్‌ను చదివే డ్రైవరు కూడా అదే రకం కావాలి, లేకపోతే ‘ప్రొవైడర్ దొరకలేదు’ అంటుంది. ఫోన్లోని వర్డ్‌లో గానీ, బ్రౌజర్‌లో తెరిచే వర్డ్‌లో గానీ మాక్రోలు నడవవు. మా మేనేజర్ సార్ బెంగళూరు పోయినప్పుడు ఫోన్లోనే ఒక సర్టిఫికెట్ చేసేద్దామంటే కుదరలేదు. అయితే తయారైన కాయితాన్ని ఎక్కడైనా తెరవచ్చు, ఎంచుకున్న పేర్లు అందులో ఉండిపోతాయి, ఎక్సెల్ పక్కన ఉండక్కర్లేదు. ఇది చాలా మంచి విషయం. ఆరు నెలల తర్వాత కొనేవాళ్లు పాత సర్టిఫికెట్ అడిగితే, షీటులో ఎన్ని మారినా ఆ కాయితం ఆనాడు ఉన్నట్టే ఉంటుంది. మాక్రోను ‘డాక్యుమెంట్ ఓపెన్’లో పెట్టకుండా ‘డాక్యుమెంట్ న్యూ’లోనే పెట్టడానికి కారణం కూడా ఇదే. పాత కాయితాల జోలికి అది పోకూడదు.

వర్డ్ లేనివాళ్ల సంగతి. వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రె ఆఫీస్ రైటర్‌ను కూడా చూశాను. న్యాయంగా చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో అదే ముందుంది. ఫారం కంట్రోల్స్‌లోని లిస్ట్ బాక్స్‌ను మాక్రో లేకుండానే డేటా సోర్స్‌కు కలపొచ్చు. స్ప్రెడ్‌షీట్‌ను బేస్ అనే దాని డేటాబేస్ భాగంలో రిజిస్టర్ చేసి, లిస్ట్ బాక్స్ ప్రాపర్టీస్‌లో డేటా ట్యాబ్‌లో ఏ టేబులో, ఏ క్వెరీయో చూపిస్తే చాలు. పైసా ఖర్చు లేదు. ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ డేటా సోర్స్‌ను రిజిస్టర్ చేసుకోవాలి, అంతే. మా కొనుగోలుదారులు వర్డ్ ఫైలే కావాలంటారు కాబట్టి మేం మారలేదు. అంతా సొంతంగా ప్రింటు తీసుకునే ఆఫీసు అయితే ముందు దాన్నే చూడమంటాను. గూగుల్ డాక్స్‌లో డ్రాప్‌డౌన్ చూడ్డానికి చక్కగా, రంగులతో ఉంటుంది, కానీ అందులో పేర్లు మనం కొట్టినవే. షీట్స్‌లో రేంజ్ నుంచి తెచ్చుకునే వీలుంది, డాక్స్‌లో లేదు.

మొత్తం మీద నేను అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి, ఇంత అవసరమైన లింకును వర్డ్ నేరుగా ఇవ్వకుండా మాక్రో దాకా మనల్ని నడిపిస్తున్నందుకు. వచ్చిన లాభం మాత్రం నికరం. సీజన్‌లో చెన్నై లారీ డ్రైవర్లు కిటికీ దగ్గర నిలబడి “పేపర్ రెడీయా మేడమ్?” అని అడుగుతుంటే చేతులు వణికేవి. ఇప్పుడు సర్టిఫికెట్, ప్యాకింగ్ లిస్టు, నోటు మూడింటిలోనూ ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్, ఒకే లాట్ ఉంటాయని తెలుసు కాబట్టి నింపాదిగా సంతకానికి పంపుతున్నా.

రైతుల వైపు ఇంకా బాగుంది. వాళ్లు నోటితో బెంగళూరా అంటారు, కాయితం మీద తోతాపురి అని ఉండాలి. షీటులో ఒక్కసారి రాసుకున్నాం, ఇక ఎవరు కూర్చున్నా అదే పడుతుంది. ఒకరోజు తవణంపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన రసీదు చూసి, “అమ్మా, మా ఊరు ఇది కాదు, పక్కూరు వేశావు” అన్నాడు. వాళ్ల ఊరు జాబితాలో లేక మా వాళ్లు దగ్గర్లోది ఎంచుకున్నారు. షీటులో ఒక వరస చేర్చి సేవ్ చేశాం. కొత్త రసీదు తెరవగానే ఆ ఊరు కనిపించింది. టెంప్లేట్‌ను ముట్టుకునే పనే పడలేదు. అదే చేత్తో నింపిన డ్రాప్‌డౌన్ అయితే మూడు కంప్యూటర్లలో మూడు టెంప్లేట్లు తెరవాలి, ఏదో ఒకటి మిగిలిపోతుంది.

ఆ షీటు ఎవరి చేతిలో ఉండాలన్నది మాత్రం మొదటే తేల్చుకోండి. మా దగ్గర రకాలు, లాట్లు ఉన్న షీటు ల్యాబ్ మేడమ్ చూస్తారు, ఊర్లు, రైతులు వేబ్రిడ్జి సార్ చూస్తారు, కొనుగోలుదారులు నా దగ్గర. మిగతావాళ్లకు చదివే అనుమతే. ఎవరికి వాళ్లు పేర్లు చేరుస్తూ పోతే వర్డ్‌లోంచి తీసేసిన గందరగోళం ఎక్సెల్‌లోకి మారుతుంది, అంతే తేడా. ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఒకేచోట ఉంచండి, సీజన్ మధ్యలో ఫోల్డర్ పేరు మార్చకండి, మార్చితే మాక్రోకు దారి దొరకదు. జాబితా పది పదిహేను పేర్లు దాటకపోతే, అవి ఏడాదికోసారి కూడా మారకపోతే ఈ శ్రమంతా అక్కర్లేదు, యాడ్ బటన్‌తో చేత్తో కొట్టుకుంటే సరిపోతుంది.